పప్పు ఉడకని బావి

బావి పూడ్చడానికి శనివారం సాయంత్రం నాలుగింటికి ముహూర్తం పెట్టారు. వాసవీకుమారి స్కూటరు పాతరేవులో ఆగేసరికి రెండూ పది.

గంజాం ఊరు దాటి రుషికుల్య సముద్రంలో కలిసే వైపు పోతే ముప్పై గడపల పేట పాతరేవు. మంగళవారం పొద్దున్న ఆరూ పదికి ఆ పేటలో పైడన్న అనే వలల పనివాడు షెడ్డులో రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. ఏడున్నరకి నురగలు కక్కి ప్రాణం వదిలాడు. అక్కడే నీళ్లు తాగిన మరో ఐదుగురు బరంపురం ఆసుపత్రిలో సెలైను సీసాల కింద ఉన్నారు. శుక్రవారం ల్యాబు కాగితం వచ్చింది. అందులో ఉన్నది ఒకటే మాట: కూర్మమ్మ బావినీళ్లలో పురుగుమందు.

కూర్మమ్మకి డెబ్బై ఏళ్లు. ఇంట్లో ముందూ వెనకా ఎవరూ లేరు. ఆమె పెరట్లో బావే పేటకంతటికీ తాగునీరు; షెడ్డులో తాగినవీ ఆ నీళ్లే అని అందరి లెక్క. చచ్చిపోయిన పైడన్న పోయిన వారం ఆ బావి గట్టు మీద కిళ్లీ ఊశాడని, "నా నీరు నీ గొంతు దిగదురా" అని ఆమె నలుగురిలో శాపనార్థాలు పెట్టింది. ఇంకేం కావాలి? బావిని ఇసకతో పూడ్చాక ఆమెని ఠాణాకి తీసుకుపోతారని పేటంతా అనుకుంటోంది.

నిన్న ఆ ముసలమ్మ బస్సెక్కి బరంపురం వచ్చి, వాసవీకుమారి బల్ల మీద రెండు లీటర్ల బావినీళ్లు పెట్టి, "నాకు మాటలు రావు తల్లీ. ఇది వాసన సూసి నువ్వే సెప్పు" అంది.

వాసవీకుమారిది మూడు తరాలుగా బరంపురంలో ఉన్న వర్తకుల ఇల్లు. కింద శొంఠి మిరియాల టోకు దుకాణం, మేడమీద ఆమె డిటెక్టివ్ ఆఫీసు. ఆమె ముక్కు గురించి బజారులో చెప్పుకునే కథలన్నీ నమ్మితే అన్నం సహించదు. ఒక పెళ్లిపందిట్లో పానకం వాసన చూసి, బెల్లం అనకాపల్లిది, యాలక్కాయ నిరుటి సరుకు, కలిపినవాడు ఎడంచేతివాటం అని తేల్చేసిందట. ఎడంచేతి సంగతి బజారువాళ్లు కలిపారు. బెల్లం సంగతి మాత్రం నిజం.

బావి చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పక్కన నీడలో, నీళ్ల సీసాల పెట్టె ఒళ్లో పెట్టుకుని సస్మిత కూర్చుంది. మంగళవారం నాలుగు చోట్ల నీళ్లు పట్టి ల్యాబుకి పంపిన హెల్తు శాఖ పిల్ల ఆమే. ఒడియా ఇంటి పిల్ల, పేటల్లో తిరిగి తిరిగి తెలుగు పట్టుకుంది.

వాసవీకుమారి ఆమెని పలకరించలేదు. రిబ్బను కింద నుంచి దూరి, సంచిలోంచి గుప్పెడు మరమరాలు తీసి బావిలో చల్లింది. నీళ్లు ఒక్కసారి కుతకుతలాడాయి. వేలెడేసి చేపలు, ఇరవయ్యో ముప్పయ్యో, ఎగబడి మరమరాలు లాక్కున్నాయి.

"దోమల పిల్లల్ని తింటాయని పోయినేడు ఒదిలినారమ్మా" అంది కూర్మమ్మ వెనకనుంచి. "ఒక్కటీ సావలేదు. నాను రోజూ లెక్కెట్టుకుంతన్నాను."

"నువ్వు చూశావా సస్మితా?"

సస్మిత చూసింది. చూసి తల దించుకుంది.

"మరి ఈ బావికి ఏ లోపమూ లేదా పెద్దమ్మా? నిజం చెప్పు. నా దగ్గర దాస్తే నీకే చేటు."

"ఉంది తల్లీ, దాయడమెందుకూ. దీన్లో పప్పు ఉడకదు." కూర్మమ్మ నీళ్ల మీద చెడ్డమాట అన్నట్టు గొంతు తగ్గించింది. "పొద్దున్నెక్కించిన కందిపప్పు పొద్దోయేసరికీ గుళ్లలాగే ఉంటాది. అంత సున్నం. సబ్బు రుద్దితే నురగ రాదు. పేటలో ఆడోళ్లు తాగడానికి నా నీరట్టుకెల్తారు, పప్పుకి మాత్రం డబ్బా నీరు ఎడంగా ఉంచుకుంటారు. మగోళ్లకి ఈ సంగతి తెల్దు. ఆళ్లకి ఉడికిన పప్పే తెలుసు."

వాసవీకుమారి ఒక్క క్షణం ఆ ముసలి మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది.

"కాచి చల్లార్చిన నీళ్లున్నాయా?"

కూర్మమ్మ చెంబుతో తెచ్చింది. సస్మిత "వొద్దు మాడమ్!" అని లేచి నిలబడేలోపు వాసవీకుమారి చెంబు ఖాళీ చేసి, వాచీ చూసుకుంది. "రెండూ ఇరవై అయిదు. మూడూ నలభై అయిదుకి నేను బతికుంటే బావి మంచిదే. ఈలోపు నీ కాగితం తియ్యి."

సస్మిత రిపోర్టు విప్పింది. నాలుగు సీసాలు, నాలుగు నీళ్లు. వీధి బోరింగు నీళ్లలో ఉప్పూ ఇనుమూ. ట్యాంకరు నీళ్లలో బ్లీచింగు, కాసిని మురికి క్రిములు. ప్లాంటు డబ్బా నీళ్లలో చెప్పుకోడానికి ఏమీ లేదు. బావి అని రాసిన సీసాలో పురుగుమందు.

"పురుగుమందు గడి అందరూ చదివారు. మనం ఎవరూ చదవని గడి చదువుదాం. నీళ్లలో సున్నం ఎంతుందో చెప్పేది ఏది?"

"ఇది. బోరింగు ఆరువందల ఇరవై. ట్యాంకరు తొంభై. డబ్బా పన్నెండు. బావి..." సస్మిత వేలు కాగితం మీద ఆగిపోయింది. "పద్నాలుగు."

"మురికి క్రిములు?"

"బావిలో... సున్నా."

"మూతలేని బావి. గట్టు మీద కోళ్లు, లోపల చేపలు. క్రిములు సున్నా, సున్నం పద్నాలుగు. ఆ నీళ్లతో పప్పు ఒక్క కూతకి మెత్తబడిపోతుంది. నిన్న నేను ఇదే బావి నీళ్లు బరంపురం ల్యాబులో చూపించాను. సున్నం నాలుగువందల ఎనభై, క్రిములున్నాయి, మందు లేదు. నీ సీసాలో ఉన్నది బావినీళ్లు కావు తల్లీ. ఆ నీళ్లు పట్టిందెవరు?"

"నేనే మాడమ్."

"నీ చేత్తో?"

"ముఁ కిఛి జాణి నాహిఁ" అనేసింది సస్మిత, తనకేం తెలీదని, భయంలో సొంత భాష పైకొచ్చి. తర్వాత కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా ఉద్యోగం పోతుంది."

"నాలుగింటికి కూర్మమ్మ బావి పోతుంది. అయిదింటికి కూర్మమ్మ పోతుంది. నీ ఉద్యోగం ఆ వరసలో మూడోది."

కూర్మమ్మ మధ్యలోకి వచ్చింది. "ఒగ్గీ తల్లీ, సిన్నపిల్ల. ఏడిపించకు." తన మెడకే ఉచ్చు పేనిన పిల్ల కన్నీళ్లు ఆమె కొంగుతో తుడిచింది. బెదిరింపుకి లొంగని సస్మిత ఆ కొంగుకి లొంగిపోయింది.

"ఆరోజు బావి తాడు తెగిపోయి ఉంది. వైకుంఠరావు బాబు వచ్చారు. ఎండలో ఎందుకమ్మా, మా తాడుతో నేను తోడి తెస్తాను, సీసా ఇయ్యి అన్నారు. పదకొండూ నలభైకి ఇచ్చాను. పన్నెండుకి పది నిమిషాల ముందు తెచ్చారు. నేను చీటీ అంటించాను."

"తోడడం చూశావా?"

"మజ్జిగ పంపించారు. తాగుతున్నాను."

వాసవీకుమారి లేచింది. బావికి ఎదురుగానే వలల షెడ్డు. అందులో మూల ఒక నీళ్ల డబ్బా బోర్లించి ఉంది, మెడకి ఎర్ర వలదారం కట్టి. ప్లాంటువాళ్ల దగ్గర ఎవరి డబ్బా వాళ్లకే తిరిగి రావాలని పేటలో ఇంటికో రంగు దారం కడతారు. ఎరుపు వైకుంఠరావుది. షెడ్డూ ఆయనదే, పైడన్న ఆయన పనివాడే. ఆమె డబ్బాలో ముక్కు పెట్టింది. గిన్నెలు తోమే సబ్బు వాసన.

తిరిగి ప్లాంటుకి పోయే ఖాళీ డబ్బాని సబ్బెట్టి తోమే ఇల్లు ఈ భూప్రపంచంలో ఉంటుందా?

మూడూ పదిహేనుకి ఆమె వైకుంఠరావు వసారా ఎక్కింది. ఎక్కుతూనే తుమ్మింది.

కారణం లక్ష్మణరావు. పోలీసు శాఖలో ముప్పయ్యేళ్లు చేసి దిగి, బరంపురంలో ఆమె ఆఫీసుకి ఎదురు మేడమీదే డిటెక్టివ్ బోర్డు కట్టిన మహానుభావుడు. కరోనాలో పోయిన వాసన ఆయనకి మళ్లీ రాలేదు. అందుకని మొగలిపువ్వు అత్తరు ఎంత పూసుకున్నదీ తెలియక, తెల్లారి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సీసాలు వంపుకుంటాడు. ఆయన వీధి చివరికొస్తే పొదల్లో పాములు మొగలిపువ్వనుకుని లేచి వస్తాయని బరంపురంలో ఒక మాట. పాముల మాట ఏమోగాని, వాసవీకుమారి ముక్కు మాత్రం ఆ గడప దగ్గరే చచ్చిపోయింది.

"రా సెల్లీ, రా!" అన్నాడు లక్ష్మణరావు, స్టీలు గ్లాసులో నీళ్లు గటగటా తాగి మీసం తుడుచుకుంటూ. "ముసల్దాని తరపున వొచ్చినావేటి? కేసు నాను మూసీసినాను. నువ్వు తాళం కప్ప సూసుకుని ఎల్లిపో."

"మూసిన కేసులోంచి చేపలు బయటికొచ్చాయన్నయ్యా. బతికున్న చేపలు."

"సేపల్ని బోనెక్కిస్తావా? వాంగ్మూలం ఏ బాసలో ఇస్తాయి, తెలుగా ఒడియానా?" ఆయన పకపకా నవ్వి, దగ్గి, గ్లాసు చాపాడు. వైకుంఠరావు కోడలు పద్మిని వసారా మూలనున్న డబ్బాలోంచి మళ్లీ నింపింది. ఆయన కోసమే అప్పుడే మూత విప్పిన కొత్త డబ్బా. వాసవీకుమారికి కూడా ఒక గ్లాసు తెచ్చిచ్చింది.

"ఇప్పుడే తాగొచ్చానమ్మా, కూర్మమ్మ ఇంట్లో" అని వాసవీకుమారి గ్లాసు గోడ మీద పెట్టింది.

వసారాలో ఉయ్యాల బల్ల ఆగింది. దాని మీద కూర్చున్నది వైకుంఠరావు. ఎండుచేపల టోకు వ్యాపారి, పేట పెద్ద, లక్ష్మణరావుని పిలిపించింది ఆయనే. "ఆ బావినీరు తాగినావేటమ్మా?" అన్నాడు.

"తాగాను. యాభై నిమిషాలైంది. పైడన్నకి ఎనభై పట్టింది. ఇంకో అరగంట మీ వసారాలోనే కూర్చుంటాను, పోతే మీ కళ్లముందే పోతాను. అందాకా కబుర్లు చెప్పండి. మంగళవారం పదకొండూ నలభై నుంచి పదకొండూ యాభై దాకా ఎక్కడున్నారు?"

"బావికాడ. ఆ హెల్తు గుంటకి నీరు తోడిచ్చినాను. తప్పేటి?"

"ఏ తాడుతో?"

"మా తాడే."

"ఎన్ని మూరలు?"

వైకుంఠరావు లక్ష్మణరావు వైపు చూశాడు. లక్ష్మణరావు చెయ్యెత్తాడు. "ఆగు ఆగు. సెల్లీ, పెద్దమనిషిని తాడు కొలత అడుగుతావేటి? సాక్ష్యం కావాలంటే నానిస్తాను. ల్యాబు రిపోర్టు ఉంది. పగ ఉంది, నలుగురు విన్నారు. ఇంక నీ దగ్గరున్న నీళ్లు ముద్దాయి సేత్తో తెచ్చినవి. అయి ఏ కోర్టులోనూ సెల్లవు."

ఆ దెబ్బ గట్టిదే. వాసవీకుమారి ఒప్పుకుంది. "నిజం, నావి చెల్లవు. అందుకే మీ రిపోర్టే తెచ్చాను. బావి సీసాలో సున్నం పద్నాలుగు. డబ్బా సీసాలో పన్నెండు. పద్మినీ, నువ్వు చెప్పమ్మా, కూర్మమ్మ బావినీళ్లలో పప్పు వండుతావా?"

పద్మిని ఫక్కున నవ్వింది. "ఓలమ్మ! రెండు సిలిండర్లయిపోతాయండి. ఉడకదు. అందుకే కదా డబ్బా ఏయించుకుంతన్నాం."

మామగారి మొహం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆగింది.

"విన్నారా అన్నయ్యా? ఈ కాగితం చూపించి ఈ పేటలో ఏ ఆడమనిషిని అడిగినా, ఇది బావినీరు కాదు అని పొయ్యి దగ్గర్నుంచే చెప్పేది. ఎవరూ అడగలేదు. మీరు వంటింట్లోకి వెళ్లరు, వైకుంఠరావు గారూ వెళ్లరు. ఆ సీసాలోది డబ్బా నీళ్లు. మందు పడింది డబ్బాలో. మీ షెడ్డులోని డబ్బాలో. అందుకే షెడ్డులో తాగినవాళ్లే పడిపోయారు."

"అయితే పోయి ప్లాంటోడిని పట్టుకో!" లక్ష్మణరావు గొంతు లేచింది. జేబురుమాలు తీసి మెడా నుదురూ తుడుచుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. "నా రిపోర్టుతోనే నన్ను కొడతావా?"

"చెమటలు పట్టేస్తున్నాయే అన్నయ్యా, నేనింకా మొదలే పెట్టలేదు."

"ఎండమ్మా, ఎండ! పద్మినమ్మా, ఇంకో గ్లాసియ్యి." మూడో గ్లాసు కూడా లోపలికి పోయింది. ఆయన పెదాల చివర కారిన తడిని మళ్లీ మళ్లీ తుడుచుకుంటున్నాడు. వాసవీకుమారికి ముచ్చటేసింది. పదిహేనేళ్లుగా ఈ మనిషిని మాటలతో ఇంత తడిపింది లేదు.

రోడ్డు మీద జేసీబీ చప్పుడు. మూడూ నలభై. పసుప్పచ్చ తొండం కూర్మమ్మ పెరడు వైపు తిరిగింది. వెనకే సస్మిత పరిగెత్తుతూ, డ్రైవరుకి చేతులు అడ్డం పెడుతూ కనిపించింది. ఆ పిల్ల ఎంతసేపు ఆపగలదు?

వాసవీకుమారి ఉయ్యాల బల్ల ముందుకి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది.

"వైకుంఠరావు గారూ, మీ పెరట్లో పందిళ్ల మీద ఎండుచేపలు చూస్తూ వచ్చాను. వంజరాలూ, సావిడాయలూ. ఒక్క ఈగ లేదు. నేను చిన్నప్పట్నుంచీ కొట్లో పెరిగినదాన్ని, ఈగ వాలని ఎండుచేప ఎక్కడా చూడలేదు. పురుగుమందు కొడుతున్నారు. ఏ డబ్బాలో కలుపుతారు?"

ఆయన ఉయ్యాల గొలుసు గట్టిగా పట్టుకున్నాడు.

"షెడ్డులో డబ్బా సబ్బుతో తోమింది మీరేనా? కూర్మమ్మ మీకు ఏమవుతుంది? వరసకి మేనత్త కాదూ? ఆవిడ ఠాణాలో కూర్చుంటే మీ ఇంట్లో అన్నం దిగుతుందా?"

వైకుంఠరావు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మాట వేళ్ల సందుల్లోంచి వచ్చింది.

"సంపాలని కాదమ్మా. సత్తెప్రమాణికం. మందు డబ్బాలో కలిపి పెరట్లో ఎట్టుకుంతాను. అడుగున కొంచిం మిగిలిపోనాది. ప్లాంటు బండోడు వొచ్చి, పెరటి గుమ్మంకాడున్నాది కదా, ఖాళీ డబ్బా అనుకుని అట్టుకెలిపోనాడు. ఆడు కడిగినాడో లేదో, దానిమీదే నీరట్టీసి, ఎర్రదారం సూసి షెడ్డులో దింపీసినాడు. పైడిగాడు పోనాక డబ్బా వాసన సూస్తే నాకు తెలిసిపోనాది. ఏటి సెయ్యను? నా సరుకంతా ఆ మందుదే. కొంచిం నీరు ఆ గుంట సీసాలో పోసిచ్చీసినాను. బావే కదా, పూడ్చీస్తే సరిపోద్దనుకున్నాను. అత్తని అట్టుకెల్తారని అనుకోలేదు."

"సెల్లీ..." అన్నాడు లక్ష్మణరావు. ఆయన ఓడిపోయిన మొహం ఎలా ఉంటుందో చూద్దామని వాసవీకుమారి తిరగబోయింది. కాని ఒక ప్రశ్న మిగిలింది. టోకు దుకాణంలో పెరిగిన మనిషి, సరుకు ఒకటా రెండా అని అడక్కుండా ఉండలేదు.

"ఎన్ని డబ్బాల్లో కలిపారు?"

"రెండు."

"రెండోది?"

"పెరట్లో గోనె కింద దాసీసినాను. అది బయటికి పోలేదు. ఒట్టు."

వెనక పద్మిని చేతిలోంచి స్టీలు చెంబు కింద పడి దొర్లింది.

"గోనె కింద డబ్బానా మావయ్యా?" ఆమె ముందుకొచ్చింది. "పెరడు తుడుస్తుంతే కనపడ్డాది. ఖాళీదే కదా అని నిన్న బండోడికి ఇచ్చీసినాను. పొద్దున్నే నింపి తెచ్చీసినాడు."

అందరి చూపూ వసారా మూలకి పోయింది. డబ్బా దాదాపు నిండుగానే ఉంది. మెడకి ఎర్ర దారం.

వాసవీకుమారి గోడ మీది తన గ్లాసు అందుకుని, అత్తరు సోకని చోటికి, మెట్ల కిందికి ఒక్క అంగలో దూకి ముక్కు పెట్టింది. కిరసనాయిలూ కుళ్లిన వెల్లుల్లీ కలిసిన కంపు కపాలానికి కొట్టింది. ఎండలోకి వంచితే నీళ్లు పల్చటి గంజిలా ఉన్నాయి. గంటన్నర కిందట కూర్మమ్మ చెంబు ఖాళీ చెయ్యకపోయి ఉంటే, ఈ గ్లాసు ఆమె ఖాళీ చేసి ఉండేది.

"పద్మినీ, ఎవరెవరు తాగారు?"

"ఎవరూ లేదండి. మేం పొయ్యికాడ పాత డబ్బాయే. ఈ బాబొక్కరే... మూడు గ్లాసులు."

"చేపల వ్యాను తియ్యండి! ఆసుపత్రికి ఫోను చేసి పురుగుమందు అని చెప్పండి, డబ్బా కూడా ఎక్కించండి. సస్మితా! ఆ బండి ఆపించు, బావి ముట్టుకోవద్దను!"

కేకకి పరిగెత్తుకొచ్చింది కూర్మమ్మ. చంకలో బిందె, నిండా తన బావినీరు. అడిగేదేమీ లేనట్టు లక్ష్మణరావు పక్కన చతికిలబడి, మీసం మీదా గెడ్డం మీదా కారుతున్న చొంగని చేత్తో కడగడం మొదలుపెట్టింది. ఆ బావినీరు చెప్పులకి కూడా తగలనివ్వనని పొద్దున్న పేటలో చాటిన మనిషి, పసిపిల్లాడిలా మొహం అప్పగించాడు. వాసవీకుమారి ఆయన గెడ్డం పైకెత్తింది. రెండు కళ్లలోనూ నల్లపాపలు ఆవగింజలంత అయిపోయి ఉన్నాయి.

"అన్నయ్యా! నన్ను చూడు. నేను కనిపిస్తున్నానా?"

లక్ష్మణరావు ఆమె చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు. వాచీలో మూడూ యాభై రెండు. వసారా మెట్ల మీద ఎండ కళ్లు పొడిచేస్తోంది.

"దీపం ఎయ్యండర్రా" అన్నాడాయన. "అప్పుడే ఇంత సీకటడిపోనాదేటి?"